పెరట్లో పొగడ చెట్టు: డెల్టా నేలలో నాటి నిలబెట్టుకోవడం ఎలా

ఆగస్టులో మా పెరట్లో గునపం దింపితే రెండున్నర అడుగుల్లో నీరు ఊరుతుంది. సాయంత్రం తీసిన గొయ్యి తెల్లారేసరికి చిన్న నుయ్యి అయిపోతుంది, అందులో అప్పటికే ఒక కప్ప కాపురం పెట్టేసి ఉంటుంది. కోనసీమలో ఇల్లున్న వాళ్ళెవరికీ ఇది వింత కాదు. అయినా మొక్క నాటాల్సి వచ్చేసరికి అందరం మెట్ట ఊళ్ళకు పనికొచ్చే పద్ధతే పట్టుకుంటాం: మూడడుగుల గొయ్యి తియ్యి, పశువుల ఎరువు వెయ్యి, మొక్క పెట్టు, నీళ్ళు పొయ్యి.

నేనూ అదే చేశాను. నా మొదటి పొగడ మొక్క ఒక్క వర్షాకాలం దాటలేదు. ఆకులు పసుపెక్కి రాలుతుంటే నీళ్ళు చాల్లేదనుకుని రోజూ ఇంకో బిందె పోశాను. చివరికి పీకి చూస్తే వేళ్ళు నల్లబడి, చేత్తో పట్టుకుంటే తొక్క ఊడొచ్చి, మురుగు కంపు కొట్టాయి. దాహంతో చచ్చిపోతోందనుకున్న మొక్కను నీళ్ళలో ముంచి చంపాను. రెండోది నాటి 14 ఏళ్ళయింది. ఇప్పుడు డాబా పిట్టగోడ దాటి కొమ్మలేసింది. ఎరువు మారలేదు, జాతి మారలేదు. రెండోదాన్ని దిబ్బ మీద పెట్టాను, అంతే. ఈ మార్గదర్శిలో సగం ఆ దిబ్బ గురించే ఉంటుంది.

పొగడే ఎందుకు

మా అమ్మాయి వాళ్ళు మినియాపోలిస్‌లో ఉంటారు. ఇల్లు కొన్న ఏడాదే పెరట్లో బర్ ఓక్ గింజ పాతింది. అది ఆ నేల చెట్టు. సున్నాకి ఇరవై, ముప్ఫై డిగ్రీలు కిందకి పోయే చలిని కూడా తట్టుకుంటుంది, వందల ఏళ్ళు నిలుస్తుంది, కలప ఇనుములా ఉంటుంది, పెరగడం మాత్రం నత్తనడక. ఉడతలు గింజ తవ్వుకుపోకుండా పైన ఇనప జాలీ కప్పింది. వీడియోలో ఆ జాలీ చూపిస్తూ, "మన ఊళ్ళో ఇలాంటి చెట్టేది నాన్నా?" అని అడిగింది. ఓక్ మన ఉక్కపోతలో బతకదు. కానీ ఆ లక్షణాలే ఉన్నది అంటే నాకు వెంటనే పొగడ గుర్తొచ్చింది.

పొగడ మన తూర్పు కనుమల్లోనూ పడమటి కనుమల్లోనూ తనంతట తాను మొలిచే చెట్టు. సంస్కృతంలో వకుళ, బకుళ అన్నది దీన్నే. తిరుమల వకుళమాత పేరులో ఉన్నదీ ఇదే. సపోటా, ఇప్ప, పాల చెట్లు దీనికి చుట్టాలు, ఒకే కుటుంబం. ఆకు తుంచితే పాలు కారడం చూస్తే ఆ చుట్టరికం తెలుస్తుంది. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. ఆకు మందంగా, అంచు అలలు అలలుగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. గుండ్రని గొడుగు, చిక్కటి నీడ. పెరట్లో 30 నుంచి 40 అడుగులు, కాలం ఇస్తే ఇంకా ఎక్కువ.

వీధుల్లో ఇప్పుడు పచ్చదనం అంటే కోనోకార్పస్ అయిపోయింది. అది ఎక్కడో ఆఫ్రికా, అమెరికా తీరాల మొక్క, మన పిట్టకి అందులో తినడానికి ఏమీ ఉండదు. ఎర్రగా పూసే తురాయి అందమైనదే, అదీ మడగాస్కర్ నుంచి వచ్చింది. గాలికి దాని కొమ్మ ఫెళ్ళున విరగడం మన ఊళ్ళల్లో చూడని వాళ్ళుండరు. పొగడ కొమ్మ అలా విరగదు, కలప బరువు.

దీనితో కష్టాలూ చెప్తాను, తర్వాత నన్ను అనకండి. మొదటి మూడేళ్ళు ఇది పెరుగుతోందా, పడుకుందా అని అనుమానం వస్తుంది. పూత రావడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. వచ్చాక వాకిలి రోజూ ఊడవాలి. కాయలు పండితే గబ్బిలాలు వస్తాయి. కింద నీడకి గడ్డి పెరగదు. త్వరగా నీడ కావాలనుకునే వాళ్ళు కానుగ వేసుకోండి, అదీ మన చెట్టే.

ఇంకో మాట. కొందరు పారిజాతాన్నీ దీన్నీ ఒకటనుకుంటారు. రెండూ తెల్లారగట్ల రాలేవే. నారింజ రంగు కాడతో ఉండేది పారిజాతం. కాడ లేకుండా, చక్రంలా, మీగడ రంగులో, మధ్యలో చిల్లుతో ఉండేది పొగడ.

ముందు నేలను చదవండి

మొక్క కొనకముందు ఏడాది ఆగమంటే ఎవరూ ఆగరు, కనీసం ఒక్క వర్షాకాలం ఆగండి. పెద్ద వాన కురిసి వెలిసిన మర్నాడు పొద్దున్నే పెరడంతా ఒకసారి తిరగండి. ఎక్కడ ఇంకా నీరు నిలిచి ఉందో, ఎక్కడ అడుగు దిగబడుతోందో, ఎక్కడ కాలికి బురద అంటడం లేదో చూసి నాలుగు పుల్లలు పాతి గుర్తు పెట్టుకోండి. తర్వాత ఆగస్టులో, చుట్టుపక్కల సార్వా (వానాకాలం వరి) చేలల్లో నీళ్ళు పెట్టాక, రెండు మూడు అడుగుల లోతున చెయ్యి పట్టేంత గొయ్యి తీసి ఒక రాత్రి వదిలెయ్యండి. తెల్లారి నీరు ఎంత లోతులో నిలిచిందో అదే మీ చెట్టు వేళ్ళకి హద్దు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలు ఈ నేలని అన్నపూర్ణని చేశాయి. దానితోపాటే కాలువల వెంట, చేల పక్కన భూమిలో నీటిమట్టం పైకి వచ్చి కూర్చుంది. మే నెలలో తవ్వి చూసి "మా నేల పొడి" అనుకుంటే మోసపోతారు.

మీది నదిని ఆనుకున్న లంక మట్టో, గరప నేలో అయితే అదృష్టవంతులు. పిడికిట్లో బిగిస్తే ముద్దయి, వేలితో తడితే విడిపోయే మట్టి అది. అక్కడ దిబ్బ ఒక అడుగు ఎత్తుంటే చాలు. డెల్టా నడిబొడ్డున ఉండే నల్లమట్టి పల్లమైతే రెండడుగులు తప్పదు. తీరానికి దగ్గర ఇసుక నేలలో నీరు దిగిపోతుంది, అక్కడ ఇబ్బంది ఉప్పు.

ఉప్పు సంగతి అశ్రద్ధ చేయకండి. ఎండాకాలంలో నేల మీద తెల్లటి పొర తేలుతుంటే, పక్కన రొయ్యల చెరువు పడి మీ నూతి నీరు రుచి మారితే, మట్టి పరీక్ష చేయించండి. కాగితంలో ఇ.సి. అని ఉండే అంకె చూడండి. తడి మట్టి సారంతో తీసిన ఆ అంకె 4 దాటితే దాన్ని చౌడు కింద లెక్కేస్తారు. పొగడ ఉప్పుగాలిని బాగానే ఓర్చుకుంటుంది కానీ, లేత మొక్క ఉప్పు నేలలో వేరూనడం కష్టం. అలాంటి పర్ర నేలలో పట్టు పట్టకుండా పొన్న వేసుకోండి. సముద్రం ఒడ్డున పుట్టిన చెట్టు అది. మెరిసే ఆకు, తెల్లటి పువ్వు, సువాసన, అన్నీ ఉన్నాయి. ఇక్కడ చెప్పే దిబ్బ పద్ధతి దానికీ పనికొస్తుంది.

చోటు విషయంలో: ఇంటి గోడకి 15 అడుగులు, సెప్టిక్ ట్యాంకుకీ అంతే, కొబ్బరి చెట్టుకి 20 అడుగులు. కొబ్బరి దగ్గర పెడితే మట్ట పడి చిగురు విరుగుతుంది, అది ఏటా జరిగే పనే. కరెంటు తీగల కింద అసలొద్దు. మీరు ప్రేమగా పెంచిన గొడుగుని లైనువాళ్ళు వచ్చి సగానికి కోసిపోతారు, వాళ్ళనీ అనలేం. నూతి మీదకీ నీళ్ళ తొట్టి మీదకీ కొమ్మ వాలకూడదు, పువ్వు రాలి కుళ్ళుతుంది. ఇంటికి పడమర దిక్కు ఖాళీగా ఉంటే అక్కడ పెట్టండి. మధ్యాహ్నం మూడు తర్వాత గోడ మీద పడే ఎండని ఆపేసే చెట్టు మన ప్రాంతంలో ఏసీకి సగం సమానం. ఆలోచించి పెట్టండి, పెద్ద చెట్టు అయ్యాక కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి అడగాల్సి వస్తుంది.

మొక్క ఎంపిక

మన వాళ్ళకి మొక్కంటే కడియం. కడియపులంక రోడ్డు మీద బండి ఆపితే పొగడ దొరకని నర్సరీ ఉండదు. ఆకుల్లో తెలుపు చారలున్న రకం కూడా చూపిస్తారు. అది అలంకారానికి బాగుంటుంది, నేనైతే పచ్చ ఆకుదే తీసుకుంటాను.

మొక్క ఎత్తు చూసి మోసపోకండి. ఏడడుగుల మొక్క పెద్ద కవర్లో నిటారుగా కనపడగానే, "నాలుగేళ్ళు కలిసొచ్చాయి" అనిపిస్తుంది. నా చచ్చిపోయిన మొదటి మొక్క అదే బాపతు. కవర్లో ఏళ్ళ తరబడి ఉన్న వేరు బయటకు దారి లేక గోడ వెంట చుట్టలు చుట్టుకుంటుంది. నేలలో పెట్టాక కూడా ఆ చుట్ట విప్పుకోదు, కాండం లావయ్యేకొద్దీ దాని గొంతుకే ఉరి బిగుస్తుంది. పదేళ్ళ తర్వాత ఒక మోస్తరు గాలికే చెట్టు మొదలంటా పడితే, మనం గాలిని తిట్టుకుంటాం. రెండు మూడడుగుల మొక్క తీసుకోండి. కాండం కింద లావుగా, పైకి సన్నబడుతూ ఉండాలి. దానికి కట్టిన కర్ర విప్పమనండి, తనంతట తాను నిలబడాలి. కవరు అడుగున చిల్లుల్లోంచి వేళ్ళు లావుగా బయటికొచ్చి ఉంటే అది పాత సరుకు. కుదిరితే ఒక మొక్కకి కవరు జార్చి చూపించమని అడగండి. కొందరు విసుక్కుంటారు. విసుక్కోని వాళ్ళ దగ్గర కొనండి.

ఓపికుంటే గింజతో మొదలుపెట్టడమే నయం. గుడి ఆవరణలో పాత పొగడ చెట్లుంటాయి. పండి రాలిన పసుపు, నారింజ రంగు పళ్ళు ఏరుకోండి. గుజ్జు కడిగేస్తే లోపల చదునుగా, నున్నగా, గోధుమ రంగులో సపోటా గింజకి తమ్ముడిలాంటి గింజ ఉంటుంది. దాచిపెడితే మొలిచే శక్తి తగ్గిపోతుంది, అదే వారంలో వేసెయ్యాలి. ఒక రోజు నీళ్ళలో నానబెట్టి, అడుగున చిల్లులున్న పొడుగాటి కవర్లలో అంగుళం లోతున పాతండి. మూడు వారాలకి ఒకటి, రెండు నెలలకి ఇంకొకటి, ఇలా తోచినప్పుడు మొలుస్తాయి. రెండున్నర నెలల దాకా కవరు పారేయకండి. పందికొక్కులు, ఎలుకలు తవ్వకుండా పైన జాలీ కప్పాలి. మా అమ్మాయికి ఉడతలు, మనకి ఇవి. మొక్క జానెడు దాటాక ఏడాదిన్నర లోపు నేలలో పెట్టేస్తే వేరు చుట్టుకునే బాధే ఉండదు.

దిబ్బ

గొయ్యి ఎందుకు చంపుతుందో అర్థమైతే దిబ్బ ఎందుకో నేను వేరే చెప్పక్కర్లేదు. నల్లమట్టి తడిస్తే ఉబ్బి బిగుసుకుంటుంది, నీరు పక్కకి కదలదు. అందులో గొయ్యి తీసి, వదులు మట్టీ ఎరువూ నింపితే, మీరు చేసింది నేలలో ఒక కుండ పాతడమే. చుట్టుపక్కల పడ్డ వాన నీరంతా వదులుగా ఉన్న ఆ గొయ్యిలోకే దిగుతుంది, బయటికి పోయే దారి లేదు. వేరుకి నీరు ఎంత అవసరమో గాలి అంత అవసరం. నిండిన గొయ్యిలో గాలి ఉండదు. పైగా పచ్చి ఎరువు వేసి ఉంటే అది నీళ్ళలో కుళ్ళుతూ ఉన్న కాస్త ప్రాణవాయువునీ తినేస్తుంది. వారం పది రోజులు చాలు లేత వేరు చావడానికి. వేరు చచ్చాక పైన ఆకు వాడుతుంది, మనం ఇంకో బిందె పోస్తాం.

దిబ్బ పని మే నెలలో పెట్టుకోండి. కాలువలు కట్టేస్తారు (నీళ్ళు ఆపేస్తారు), నేల ఎండి ఉంటుంది, ట్రాక్టరు పెరట్లోకి దిగబడకుండా వస్తుంది. అడుగున 10 అడుగుల వెడల్పు, పైన 6 అడుగులు, ఎత్తు 2 అడుగులు అనుకుంటే దాదాపు 100 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. ఒక ట్రక్కు చాలు. లంక మట్టి దొరికితే అంతకన్నా ఏం కావాలి. లేకపోతే కాలువ పూడిక తీసినప్పుడు గట్టు మీద వేసిన మట్టి తెచ్చుకోవచ్చు, కానీ అది నెల రోజులు ఎండి పొడి కావాలి. పచ్చి పూడిక వేస్తే సిమెంటు దిమ్మ కట్టుకున్నట్టే.

మట్టి పోసే ముందు అడుగు నేలని గునపంతో అర అడుగు లోతున గుల్ల చేయండి. గట్టి నేల మీద నేరుగా మట్టి పోస్తే రెండూ కలవవు. పై మట్టి పళ్ళెంలో పెట్టిన ఇడ్లీలా ఉండిపోతుంది, వేరు ఆ సందు దగ్గర ఆగి పక్కకి తిరుగుతుంది. తుఫాను గాలికి అలాంటి చెట్టు దిబ్బతో సహా లేచిపోతుంది. గుల్ల చేశాక సగం మట్టి పోసి, కింద మట్టితో పారతో కలిపి, మిగతా సగం పైన పోయండి.

మీ పెరటి నల్లమట్టే వాడాల్సి వస్తే, అందులో తట్టెడు ఇసుక కలిపితే గుల్లబారుతుందని చాలామంది చెప్తారు. నమ్మకండి. నల్లమట్టిలో కొద్దిపాటి ఇసుక అంటే ఇటుక తయారీయే. దాని బదులు బాగా చివికిన పశువుల ఎరువు, పది తట్టల మట్టికి ఒక తట్ట, పై అడుగులో మాత్రం కలపండి. చివికిందంటే చేత్తో తీసుకుంటే వాసన రాకూడదు, పేడ ఆనవాలు ఉండకూడదు.

దిబ్బ చుట్టూ జానెడు లోతు బోదె తీసి మురుగు పోయే వైపు కలిపేయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. నల్లమట్టి పల్లంలో దిబ్బ ఎంత ముఖ్యమో ఈ బోదె అంత ముఖ్యం.

తర్వాత వదిలేయండి. మృగశిర కార్తెలో రెండు వానలు పడితే దిబ్బ నాలుగైదు అంగుళాలు కుంగుతుంది, పక్కలు జారతాయి. జారిన చోట మట్టి ఎక్కించి సర్దుకోండి. కుంగకముందే మొక్క పెడితే మొక్కా కుంగుతుంది, మొదలు మట్టిలోకి పోతుంది.

దిబ్బ చుట్టూ సిమెంటుతో గుండ్రంగా అరుగు కట్టిస్తే బాగుంటుందని మా ఆవిడ సరదా పడింది. రచ్చబండలా నలుగురూ కూర్చోవచ్చని. కట్టొచ్చు, కానీ పదేళ్ళ తర్వాత, మొదలుకి ఐదడుగుల దూరంలో, అడుగున నీరు పోయే చిల్లులు వదిలి. మా ఇంట్లో ఆ చర్చ ఇంకా తెగలేదు.

నాటడం

ఆరుద్ర, పునర్వసు కార్తెలు దీనికి సరైన అదను, అంటే జూన్ ఆఖరు నుంచి జూలై మూడో వారం దాకా. మబ్బు పట్టిన సాయంత్రం చూసుకోండి.

దిబ్బ నడినెత్తిన మొక్క వేరుముద్ద పట్టేంత గొయ్యి తీయండి, లోతు ముద్దకన్నా ఒక అంగుళం తక్కువే ఉండాలి. కవరు కోసి పూర్తిగా తీసెయ్యండి. ఇది రాయాలా అనుకోకండి, ప్లాస్టిక్ కవరుతో సహా పాతేసిన మొక్కల్ని నేను కనీసం మూడు ఇళ్ళల్లో తవ్వి చూపించాను. ముద్ద చుట్టూ తిరిగిన వేళ్ళుంటే పదునైన బ్లేడుతో పైనుంచి కిందకి నాలుగు చోట్ల గాట్లు పెట్టండి, అడుగున చుట్ట ఉంటే కోసెయ్యండి. చెయ్యి వణుకుతుంది, ఫరవాలేదు, కోసిన చోటునుంచి కొత్త వేళ్ళు నేరుగా బయటికి పోతాయి.

కాండం వేరుగా విచ్చుకునే చోటు మట్టి పైన కనపడాలి. దాన్ని పూడ్చకూడదు. మట్టి సర్ది, కాలితో తొక్కకుండా, రెండు బిందెల నీళ్ళు నెమ్మదిగా పోయండి. నీరే మట్టిని సర్దుతుంది.

పైన కప్పడానికి మన దగ్గర లేనిదంటూ లేదు. కొబ్బరి డొక్కలు బోర్లించి వరసగా పేర్చి, మీద ఎండుగడ్డి పరవండి. కాండానికి జానెడు దూరం ఖాళీ వదలాలి, ఆనించి వేస్తే మొదలు చెమ్మ పట్టి కుళ్ళుతుంది. డొక్కలకి చెదలు వస్తుంది కాబట్టి రెండు దోసిళ్ళ వేపపిండి చల్లండి.

ఊత కర్ర కోసం సరుగుడు బాదులు రెండు, మొక్కకి చెరో పక్క, వేరుముద్దకి తగలకుండా పాతండి. పాత నూలు గుడ్డ పేలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. మొక్క గాలికి ఊగాలి. ఊగితేనే కాండం లావెక్కుతుంది, వేరు గట్టిగా పట్టుకుంటుంది. బిగించి కడితే చంకలో ఎత్తుకు తిరిగిన పిల్లాడిలా నడక రాదు. మళ్ళీ జూన్ వచ్చేసరికి కర్రలు తీసెయ్యాలి. మేకలు తిరిగే వీధి అయితే తాటాకు దడి కట్టుకోండి.

మొదటి మూడు వేసవులు

వర్షాకాలంలో దిబ్బ మీది మొక్కకి మీరు చేసేది ఏమీ లేదు, బోదె పూడకుండా చూసుకోవడమే. అసలు పరీక్ష ఏప్రిల్, మే. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, దిబ్బ మీద మట్టి నేలకన్నా ముందు ఎండుతుంది. ఎత్తు మీద నాటినందుకు చెల్లించాల్సిన బాకీ ఇదే.

నేను రెండు మట్టి కుండలు వాడాను. అడుగున మేకు పట్టేంత చిల్లు పెట్టి, అందులో గుడ్డ వత్తి దూర్చి, మొక్కకి మూరెడు దూరంలో అటొకటి ఇటొకటి మెడ దాకా పాతి, మూడు రోజులకోసారి నింపి, పైన మూకుడు పెట్టాను. మూకుడు లేకపోతే దోమలకి మీరే ఇల్లు కట్టించినట్టు. కుండలు వద్దనుకుంటే వారానికి రెండుసార్లు ఒక్కో బిందె చాలు. పోసే ముందు కప్పు తప్పించి పుల్ల నాలుగంగుళాలు దింపి చూడండి. పుల్లకి చెమ్మ అంటితే ఆ రోజు పోయొద్దు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి ఆకు మధ్యాహ్నం వాలి, సాయంత్రానికి లేస్తుంది, అది మామూలే. పొద్దున్న కూడా వాలి ఉంటేనే కంగారు పడాలి.

తీరానికి దగ్గర ఊళ్ళల్లో మే నెలలో బోరు నీరు ఉప్పగా మారుతుంది. నోట్లో వేసుకుంటే ఉప్పు తెలిసే నీరు మొక్కకి పోయకండి. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక బకెట్లో పట్టి పోసుకోవడం నయం.

రెండో వేసవి వారానికొకసారి. మూడో వేసవి రెండు వారాలకొకసారి. తర్వాత అక్కర్లేదు.

ఎరువు గురించి పెద్దగా చెప్పను. ఏటా జూన్‌లో ఒక తట్ట చివికిన ఎరువు దిబ్బ అంచుల్లో వేస్తే సరిపోతుంది. పెరగట్లేదని యూరియా వేస్తే గబగబా చిగురేస్తుంది, ఆ చిగురు పురుగుకి విందు, గాలికి బలి.

కొమ్మ కత్తిరింపు, తుఫాను

ఈ రెండూ ఒకే చోట రాయడానికి కారణముంది. 1996 నవంబరు 6న కోనసీమ మీదకొచ్చిన తుఫాను చూసిన వాళ్ళు చెట్టుని ఆ తర్వాత వేరే చూపు చూస్తారు. కొబ్బరి తోటలు వరసలకి వరసలు పడుకున్నాయి. చెట్టు గాలికి నిలవడం చాలావరకు చిన్నప్పుడు దానికిచ్చిన ఆకారాన్ని బట్టి ఉంటుంది.

మొదటి మూడేళ్ళు కింది రెమ్మలు కొయ్యొద్దు. అవి కాండానికి దగ్గరలో తిండి వండి దాన్ని లావు చేస్తాయి. నాలుగో ఏడు నుంచి, సంక్రాంతి వెళ్ళాక, కింది నుంచి కొంచెం కొంచెంగా తీస్తూ గొడుగుని పైకి లేపండి. ఒక ఏడాదిలో మొత్తం ఆకులో నాలుగో వంతు మించి తీయకూడదు. కాండం రెండుగా చీలి రెండు పాయలూ సమానంగా, ఇరుకుగా పైకి పోతుంటే అది ముఖ్యమైన తప్పు. ఆ ఇరుకు సందులో బెరడు లోపలికి నొక్కుకుపోయి పట్టు ఉండదు, పెద్దయ్యాక గాలికి సరిగ్గా అక్కడే నిలువునా చీలుతుంది. రెండింట్లో బలహీనమైనదాన్ని సగానికి తగ్గించండి, మరుసటేడు పూర్తిగా తీసెయ్యండి.

కొమ్మ కోసేటప్పుడు కాండాన్ని ఆనుకుని నున్నగా చెక్కేయకండి, మొండి పొడుగ్గానూ వదలకండి. కొమ్మ మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది, ఆ ఉబ్బుని వదిలి దానికి బయటివైపు కోయాలి. గాయాన్ని చెట్టే మూసుకుంటుంది. నడినెత్తి మాత్రం ఎప్పుడూ నరకొద్దు.

అక్టోబరు మొదట్లో ఎండు కొమ్మలు తీసెయ్యండి, బోదె శుభ్రం చేయండి. తుఫాను తర్వాత చిన్న చెట్టు ఒరిగితే, నేల తడిగా ఉన్న రెండు మూడు రోజుల్లోనే లేపాలి. ఒక్కసారి గుంజకండి, రెండో పక్క వేళ్ళు కూడా తెగుతాయి. ముందు పైకి తేలిన వేళ్ళ కింద మట్టి తీసి, నెమ్మదిగా నిలబెట్టి, వేళ్ళు కప్పి, మూడు పక్కలా తాళ్ళు కట్టి, తాడు బెరడుకి తగిలే చోట పాత గోనె చుట్టండి. ఉప్పెన నీరు పెరట్లోకి వస్తే ముందు దాన్ని బయటికి పంపండి, తర్వాత మంచినీటితో దిబ్బని రెండు మూడుసార్లు బాగా తడిపి ఉప్పు కడిగెయ్యండి.

పురుగులు, మనుషులు

కాండం మీద పట్టుదారంలాంటి గూడు, రంపపు పొట్టు కలిసి అతుక్కుని కనిపిస్తే అది బెరడు తినే గొంగళి. గూడు గీకేసి చూస్తే బొక్క ఉంటుంది. సైకిలు పుల్ల దూర్చి తిప్పి, కిరోసిన్‌లో ముంచిన దూది పెట్టి, బురదతో మూసెయ్యండి. ఆకుల మీద మసి పట్టినట్టుంటే మసిని కాదు, ఆకు అడుగున అంటుకుని ఉండే పొలుసు పురుగుని చూడాలి. వేపనూనె సబ్బు నీళ్ళలో కలిపి అడుగువైపు పిచికారీ చేస్తే తగ్గుతుంది.

వీటన్నిటికన్నా పెద్ద పురుగు మనిషి. పొగడ బెరడు పంటికి మంచిదని పేరు. చెట్టు వీధిలోకి కనపడుతుంటే ఒక పొద్దున్న ఎవరో చెక్కుకుపోతారు. బెరడు కిందనుంచే ఆకు వండిన తిండి వేళ్ళకి దిగుతుంది. చుట్టూ ఒక వలయంలా చెక్కేస్తే చెట్టు ఆ ఏడు పచ్చగానే ఉండి, వేరు ఆకలికి తర్వాత చస్తుంది. మా చెట్టుకి వీధి వైపు అరచేతి వెడల్పు మచ్చ ఇంకా మానలేదు. "పళ్ళపొడి కావాలంటే అడగండి, కోసిన కొమ్మల బెరడు ఇస్తాను" అని గోడ మీద రాయించాను. ఆ తర్వాత ఎవరూ చెక్కలేదు, ఎవరూ అడగలేదు కూడా.

పూత

మా చెట్టు ఎనిమిదో ఏట పూసింది. మగువ మద్యం పుక్కిలించి ఉమ్మితే పొగడ పూస్తుందని కావ్యాల్లో ఓ ఆనవాయితీ ఉంది. నేను మాత్రం బియ్యం కడుగు నీళ్ళతోనే నెట్టుకొచ్చాను. మొదటి పువ్వు చెట్టు మీద చూడలేదు, ఆకుల్లో కలిసిపోతుంది. తెల్లవారుజామున వాసన ఎక్కడిదా అని తలుపు తీస్తే నేల మీద కనిపించింది. రాత్రి విచ్చి తెల్లారేలోపు రాలతాయి, మధ్యలో చిల్లుంటుంది కాబట్టి సూది అక్కర్లేదు. అరటి నారకి గుచ్చుకుంటూ పోవడమే. ఎండినా వాసన పోదు. మా అమ్మ పట్టుచీరల మడతల్లో వేసేది, ఇప్పుడు మా ఆవిడ వేస్తోంది. సూర్యుడు బాగా పైకొచ్చే ముందే ఏరుకోండి, తర్వాత అడుగుల కింద నలిగిపోతాయి. పూలు ఏరుకునే వాళ్ళ కోసం దిబ్బ చుట్టూ నేల ఊడ్చి కళ్ళాపి చల్లి ఉంచితే మట్టి అంటదు.

కాయలు పండాక కోయిలలు పగలు, గబ్బిలాలు రాత్రి పంచుకుంటాయి. పండు తియ్యగా, వగరుగా, పిండిపిండిగా ఉంటుంది, పిల్లలు తింటే తప్పులేదు. గబ్బిలాలు గింజల్ని గోడ మొదట్లో, డాబా పగుళ్ళలో, బావి ఒరలో జారవిడుస్తాయి. అక్కడ మొలిచినవి జానెడు లోపే పీకెయ్యాలి, ఏడాది దాటితే వేరు గోడలోకి పోతుంది. పీకినవి పారేయకండి, తడి నేలలోంచి వేరు తెగకుండా తీసి పొడుగు కవర్లలో పెట్టుకోండి. ఈ ఏడు నాకు పదకొండు వచ్చాయి. వాటిలో ఏడింటిని వీధిలో వాళ్ళు పట్టుకెళ్ళారు. మిగిలిన నాలుగూ నూతి పక్క నీడలో ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే ముందు పెరట్లో దిబ్బ పోశారా అని అడిగి మరీ ఇస్తున్నాను.